ధర్మాసుపత్రి నుంచి ఆరోగ్యశ్రీ వరకు: అలిపిరి మార్గంలో ప్రభుత్వ, ప్రైవేటు వైద్య మిశ్రమం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రజాధనంతో నడిచే వైద్యవ్యవస్థలో ప్రైవేటు సంస్థలకు ఎంత చోటు ఉండాలన్న చర్చ ఆంధ్రప్రదేశ్‌లో రెండు దశాబ్దాలుగా సాగుతున్నది. ప్రభుత్వ వైద్యం ఒక గట్టున, ప్రైవేటు వైద్యం మరొక గట్టున ఉన్నట్లు భావించి చేసే వాదనలే ఈ చర్చలో ఎక్కువ. తిరుపతిలోని అలిపిరి మార్గాన్ని, దాని చుట్టూ ఉన్న పూర్వపు చిత్తూరు జిల్లాను ఆధారంగా తీసుకొని చూస్తే ఈ విభజన నిలవదు. ఇక్కడ ప్రభుత్వం, దేవస్థానం, మిషనరీ సంస్థలు, దాతృత్వ సంస్థలు, కార్పొరేట్ ఆసుపత్రులు చాలాకాలంగా కలగలిసి పనిచేస్తున్నాయి. మిశ్రమం దానంతట అది దోషం కాదనీ, రోగిని కాదనే స్వేచ్ఛ ఎవరికి ఉంది, రోగికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిది అన్న రెండు ప్రశ్నల ఆధారంగా దానిని విలువ కట్టాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. పథకాలకు, సంస్థలకు మనం పెట్టుకున్న పేర్లలోని దానభాష ఈ రెండు ప్రశ్నలను ఎలా మరుగుపరుస్తున్నదో కూడా పరిశీలిస్తున్నది.

కీలకపదాలు: ధర్మాసుపత్రి, ఆరోగ్యశ్రీ, అలిపిరి, రుయా, స్విమ్స్, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం, దానభాష, బాధ్యత.

1. ప్రవేశిక:

తిరుమల నడకదారి మొదలయ్యే అలిపిరి వైపు తిరుపతి పట్టణం నుంచి వెళ్లే మార్గం భక్తులదే కాదు, రోగులది కూడా. శ్రీ వేంకటేశ్వర రామ్‌నారాయణ్ రుయా ప్రభుత్వ సర్వజన వైద్యశాల, శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్), తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) నడిపే బర్డ్ ఆసుపత్రి ఈ మార్గంలో, దాని పరిసరాల్లో ఉన్నాయి. అలిపిరి వద్ద తితిదే ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో క్యాన్సర్ వైద్యసంస్థ వెలిసింది. చిత్తూరు, కడప, నెల్లూరు, అనంతపురం ప్రాంతాల నుంచి వచ్చే రోగి ఈ మార్గంలో ఒక వాకిలి నుంచి మరొక వాకిలికి నడుస్తాడు. ఏ వాకిలి ప్రభుత్వానిది, ఏది దేవుడిది, ఏది ట్రస్టుది అన్న తేడా అతనికి పట్టదు. ఎక్కడ చేర్చుకుంటారు, ఎక్కడ పొమ్మంటారు అన్నదే అతనికి తెలియవలసిన విషయం.

వైద్యవ్యవస్థను విమర్శించేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. డబ్బు ఎవరిది? వైద్యం చేసేది ఎవరు? ఈ రెండింటికి వచ్చే జవాబులను బట్టి ఒక వ్యవస్థను ప్రభుత్వ వ్యవస్థ అనో, ప్రైవేటు వ్యవస్థ అనో, మిశ్రమ వ్యవస్థ అనో పేర్కొంటారు. రోగి వైపు నుంచి చూస్తే మరో రెండు ప్రశ్నలు ఇంతకంటే ముఖ్యమైనవి. వచ్చిన రోగిని కాదనగలవారు ఎవరు? వైద్యం అందనప్పుడు, లేదా చెడిపోయినప్పుడు జవాబు చెప్పవలసినవారు ఎవరు? ఈ వ్యాసం క్షేత్రసర్వే కాదు. బహిరంగంగా తెలిసిన సంస్థల చరిత్రను, పథకాల స్వరూపాన్ని, వాటి పేర్లను ఈ చివరి రెండు ప్రశ్నల వెలుగులో చదివే ప్రయత్నం.

2. పేర్లు చెప్పే చరిత్ర:

తెలుగునాట ప్రభుత్వ వైద్యశాలను ఒక తరం వారు ‘ధర్మాసుపత్రి’ అన్నారు. ఈ మాటలోని ‘ధర్మం’ రెండర్థాల పదం. బిచ్చగాడు ‘ధర్మం చేయండి’ అన్నప్పుడు అది దానం. రాజధర్మం, వైద్యధర్మం అన్నప్పుడు అది తప్పించుకోరాని కర్తవ్యం. ధర్మాసుపత్రి అనే మాటలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. డబ్బు తీసుకోకుండా చూస్తారు కనుక దానం. చూడక తప్పదు కనుక కర్తవ్యం. జనవ్యవహారంలో మొదటి అర్థమే గట్టిపడింది. ‘ధర్మాసుపత్రి మందులు’ అన్న మాట వెనుక చులకన ఉన్నదంటే, ఊరికే వచ్చేదాన్ని ప్రశ్నించలేమన్న నిస్సహాయత కూడా ఉన్నది.

తరువాతి కాలపు పేర్లను వరుసగా చూస్తే ఈ దానార్థం మరింత స్పష్టమవుతుంది. మదనపల్లె సమీపాన 20వ శతాబ్ది రెండో దశాబ్దిలో ప్రొటెస్టెంట్ మిషన్లు ఉమ్మడిగా నెలకొల్పిన క్షయ చికిత్సాలయం ఉన్న చోటికి ‘ఆరోగ్యవరం’ అని పేరు వచ్చింది. వరం అనేది దేవుడు ఇచ్చేది. అడిగేవాడికి ఇవ్వాలన్న నియమం లేదు. తితిదే పేదరోగుల కోసం ఏర్పాటు చేసిన ట్రస్టు పేరు ‘ప్రాణదాన’. స్విమ్స్‌కు విరాళాలు సేకరించే పథకం పేరు ‘ఆరోగ్య వరప్రసాదిని’. ప్రభుత్వం 2007లో మొదలుపెట్టినది ‘ఆరోగ్యశ్రీ’. దాని పేరు 2014 తరువాత ‘ఎన్టీఆర్ వైద్యసేవ’గా, 2019లో ‘వైఎస్సార్ ఆరోగ్యశ్రీ’గా, 2024లో తిరిగి ‘ఎన్టీఆర్ వైద్యసేవ’గా మారింది. వరం, దానం, ప్రసాదం, శ్రీ, సేవ: ఈ పదజాలంలో ఇచ్చేవారి ఔదార్యం ఉన్నది, పుచ్చుకొనేవారి హక్కు లేదు. పథకానికి నాయకుని పేరు తోడైనప్పుడు ఇచ్చే చేయి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతున్నదంటే దానిని చట్టబద్ధమైన హక్కుగా గాక ఒక ప్రభుత్వం చేసిన ఉపకారంగా పాలకులూ, ప్రజలూ చూస్తున్నారనే అర్థం.

ఇది కేవలం భాషకు సంబంధించిన అభ్యంతరం కాదు. దానం ఆగిపోతే దాతను నిలదీయలేము. బాధ్యత ఆగిపోతే బాధ్యుణ్ణి నిలదీయవచ్చు. ఒకే సేవను ఏ పేరుతో పిలుస్తున్నామన్నది, అది ఆగిపోయిన రోజున రోగి ఎవరి ముందు నిలబడతాడన్నదాన్ని నిర్ణయిస్తుంది.

3. అలిపిరి మార్గం: రెండు వర్గాలకు లొంగని యాజమాన్యం:

మిశ్రమ వైద్యం సరళీకరణ అనంతరం వచ్చిన పరిణామమని తరచు వింటాము. ఈ ప్రాంత చరిత్ర దీనికి భిన్నంగా ఉన్నది. ఆరోగ్యవరం మిషనరీల సంస్థ. అయినా 1948లో మనదేశంలో బి.సి.జి. టీకాను మొదట ప్రయోగాత్మకంగా వేసిన ప్రాంతం మదనపల్లె. ప్రభుత్వ ప్రజారోగ్య కార్యక్రమం ఒక ప్రభుత్వేతర సంస్థ అనుభవాన్ని ఆసరా చేసుకొని నడిచిన సందర్భమిది. సరిహద్దుకు ఆవల రాయవేలూరులోని క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రి చిత్తూరు జిల్లా ప్రజలకు తరతరాలుగా పెద్దదిక్కు. తిరుపతిలో 1960లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వాసుపత్రి పేరులో దేవుడూ ఉన్నాడు, రుయా అనే దాతా ఉన్నాడు. ప్రజలు మాత్రం దాత ఇంటిపేరుతోనే దానిని ‘రుయా’ అంటున్నారు. పూర్తిగా ప్రభుత్వానిదైన ఆసుపత్రి పేరు కూడా దానచరిత్రను మోస్తూనే ఉన్నది.

తితిదే సంస్థల విషయం మరింత ఆసక్తికరం. వికలాంగుల శస్త్రచికిత్సకు, పునరావాసానికి ఉద్దేశించిన బర్డ్ 1980లలో ఏర్పడింది. స్విమ్స్ 1993లో సేవలు ప్రారంభించి 1995లో రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందింది. బర్డ్ ప్రాంగణంలోనే 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైంది. వీటిని ప్రభుత్వ సంస్థలనాలా, ప్రైవేటు సంస్థలనాలా? తితిదే 1987 నాటి దేవాదాయ చట్టం పరిధిలోనిది. దాని పాలకమండలిని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. కాని దాని ఆదాయం పన్ను కాదు, హుండీ. అది లాభం కోరే వ్యాపారం కాదు. అలాగని శాసనసభకు ఏటా లెక్క చెప్పే ప్రభుత్వశాఖా కాదు. పన్ను కట్టినవాడు పౌరుడిగా అడగగలడు. ముడుపు కట్టినవాడు మొక్కు తీర్చుకున్నాడే గాని తన రూపాయి ఏ వార్డుకు చేరిందని అడిగే స్థానంలో లేడు.

చిన్నపిల్లల ఆసుపత్రి నిర్మాణానికి నిధుల కోసం తితిదే 2022 ఆరంభంలో ఉదయాస్తమాన సేవా టికెట్లను దాతలకు ఇవ్వజూపింది. సాధారణ రోజులకు కోటి రూపాయలు, శుక్రవారాలకు కోటిన్నర. భక్తుని సంపద ఈ విధంగా పసిపిల్లల గుండెకు చేరడంలో తప్పు పట్టవలసినది లేదు. పుట్టుకతో గుండెజబ్బు ఉన్న బిడ్డకు ఆ డబ్బు ఏ పుణ్యం ఖాతాలోనిదన్న విచారం అక్కరలేదు. గమనించవలసిన అంశం మరొకటి. ఆ ఆసుపత్రి ఉనికికి మూలం ప్రజల అవసరాన్ని లెక్కగట్టిన ప్రణాళిక కంటే దాతల ఉత్సాహం. గుండె, క్యాన్సర్, పసిపిల్లల చికిత్స దాతల మనసును కదిలిస్తాయి. మధుమేహానికి నెలనెలా వేసుకోవలసిన మాత్ర, పాముకాటుకు మండలకేంద్రంలో దొరకవలసిన మందు, పొలంలో పురుగుమందు తాగినవారికి రాత్రివేళ దొరకవలసిన వెంటిలేటరు ఏ దాత శిలాఫలకానికీ ఎక్కవు. దానం తాను చూడదలచుకున్న రోగాన్ని ఎంచుకుంటుంది. కర్తవ్యానికి ఆ ఎంపిక లేదు.

అలిపిరి వద్ద క్యాన్సర్ సంస్థ ఈ మిశ్రమానికి తాజా రూపం. 2018లో శంకుస్థాపన జరిగి, 2022 మే నెలలో ప్రారంభమైన ఈ సంస్థలో స్థలం దేవస్థానానిది, నిర్వహణ టాటా ట్రస్టులు నెలకొల్పిన అలమేలు చారిటబుల్ ఫౌండేషన్‌ది, పేరు శ్రీ వేంకటేశ్వరునిది. దక్షిణ రాయలసీమ రోగి క్యాన్సర్ చికిత్సకు చెన్నైకో, రాయవేలూరుకో, బెంగళూరుకో పోవలసిన స్థితిలో ఇటువంటి సంస్థ రావడం నిస్సందేహంగా మేలు. ప్రైవేటు అనే ఒక్క ముద్రతో కార్పొరేట్ గొలుసు ఆసుపత్రినీ, దీనినీ ఒకే గాట కట్టడం విమర్శ కాదు. అయినా మన నాలుగో ప్రశ్న ఇక్కడ కూడా మిగిలే ఉన్నది: స్థలమిచ్చిన దేవస్థానం, నిర్వహించే ఫౌండేషన్, చికిత్సల ధర నిర్ణయించే ప్రభుత్వ పథకం - ఈ ముగ్గురిలో రోగి ఎవరిని అడగాలి?

4. ఆరోగ్యశ్రీ: కొనుగోలుదారు పాత్రలో ప్రభుత్వం:

ఆరోగ్యశ్రీకి ముందు పెద్ద జబ్బు వచ్చిన పేదవారికి దారి ముఖ్యమంత్రి సహాయనిధి. శాసనసభ్యుని సిఫారసు లేఖ, సచివాలయంలో నిరీక్షణ, అదృష్టం ఉంటే మంజూరు. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరంభమై, 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆరోగ్యశ్రీ ఈ స్థితిని మార్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేల రూపాయల వరకు చికిత్స. సిఫారసుకు బదులు జాబితా వచ్చింది. నాయకుని దయకు బదులు ఆసుపత్రి వాకిట్లో ఆరోగ్యమిత్ర కూర్చున్నారు. ఈ మార్పును తక్కువ చేసి చూపే విమర్శ అన్యాయమవుతుంది. గుండె ఆపరేషన్ అనే మాట వినగానే పొలం అమ్మకానికి పెట్టే స్థితి నుంచి లక్షల కుటుంబాలను ఈ పథకం తప్పించింది. తరువాతి ప్రభుత్వాలన్నీ పేరు మార్చినా పథకాన్ని కొనసాగించక తప్పలేదన్నదే దాని బలానికి నిదర్శనం.

అయినా పథకం నిర్మాణాన్ని విడిగా పరిశీలించాలి. ఆరోగ్యశ్రీలో ప్రభుత్వం వైద్యుడు కాదు, కొనుగోలుదారు. మొదట బీమా సంస్థ ద్వారా, తరువాత నేరుగా ట్రస్టు ద్వారా, జాబితాలోని చికిత్సకు నిర్ణీత ప్యాకేజీ ధరను నెట్‌వర్క్ ఆసుపత్రికి చెల్లిస్తుంది. ఆ ఆసుపత్రి ప్రభుత్వానిదైనా కావచ్చు, ప్రైవేటుదైనా కావచ్చు. సిద్ధాంతరీత్యా రెండూ సమానం. ఆచరణలో సమానం కాలేదు. శస్త్రచికిత్స బల్లలు, నిపుణులు, ప్రకటనలు ముందే ఉన్న ప్రైవేటు ఆసుపత్రులు ఈ ప్యాకేజీల్లో పెద్ద వాటాను అందుకున్నాయి. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ నమూనా ప్రైవేటు రంగానికి అనుకూలమని విశ్లేషించారు. పురేంద్రప్రసాద్, రాఘవేంద్ర మరుసటి ఏడాది అదే పత్రికలో దీనిని వైద్యరంగ నవ్య ఉదారవాద నేపథ్యంలో పరిశీలించారు. ఈ అధ్యయనాలు వచ్చి దశాబ్దం దాటినా వాటి ప్రధాన ఆక్షేపణ నేటికీ నిలిచే ఉన్నది. పథకం పెద్ద ఆసుపత్రిలో జరిగే చికిత్సకు డబ్బిస్తుంది. ఆ చికిత్స అవసరం రాకుండా చూసే ప్రాథమిక వైద్యానికి ఇవ్వదు. రక్తపోటు మందుకు దిక్కులేనివాడికి ఆ రక్తపోటు మూత్రపిండాలను చెడగొట్టాక డయాలసిస్ ఉచితం.

ప్యాకేజీ ధర ఉన్న చోట ప్యాకేజీకి తగిన రోగాలు పెరుగుతాయన్నది కూడా అనుభవమే. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు అవసరానికి మించి జరుగుతున్నాయన్న తీవ్రవిమర్శల తరువాత వాటిని ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేయవలసివచ్చింది. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, కొనుగోలుదారు ధర ఒక్కటే చూస్తే అమ్మేవారు శరీరాన్ని సరకుగా చూస్తారు. రెండు, దోషం బయటపడినప్పుడు ప్రభుత్వం ఆశ్రయించినది తన సొంత ఆసుపత్రినే. నమ్మదగిన స్థలం అవసరమైనప్పుడు ప్రభుత్వ వైద్యశాల గుర్తుకు వచ్చింది. నిధులు పంచేటప్పుడు అది అనేక నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఒకటి మాత్రమే అయింది.

మూడో ప్రశ్నకు, అంటే రోగిని కాదనగలవారు ఎవరన్నదానికి, జవాబు బకాయిల సమయంలో దొరుకుతుంది. 2024 మే నెలలోనూ, 2025 అక్టోబరులోనూ బకాయిలు చెల్లించలేదన్న కారణంతో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు పథకం కింద సేవలను నిలిపివేశాయి. ఆసుపత్రుల ఆవేదనలో న్యాయం లేదనలేము. చేసిన పనికి నెలల తరబడి డబ్బు రాకపోతే చిన్న పట్టణపు నర్సింగ్ హోమ్ జీతాలు ఎలా ఇస్తుంది? ప్రభుత్వం మాట తప్పింది. ఆసుపత్రి సేవ ఆపింది. ఇద్దరి మధ్య ఉన్నది ఒప్పందం. ఆ ఒప్పందంలో రోగి సంతకం లేదు. తన పేరిట జరిగిన కొనుగోలులో తనకే వాదించే స్థానం లేకపోవడం ఈ మిశ్రమంలోని మౌలికలోపం. ఆ రోజుల్లో అతనికి మిగిలినది కాదనడానికి వీలులేని ఒక్క వాకిలి, అంటే ప్రభుత్వాసుపత్రి.

2023 డిసెంబరులో పథకం పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. 2025 సెప్టెంబరులో రెండున్నర లక్షల వరకు బీమా సంస్థల ద్వారా, ఆ పైన ట్రస్టు ద్వారా చెల్లించే మిశ్రమ పద్ధతికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పరిమితి పెరగడం వార్త అవుతుంది. కాని పరిమితి ఎంతన్నది నాలుగు ప్రశ్నల్లో మొదటిదానికి మాత్రమే జవాబు. రోగికీ, వైద్యుడికీ నడుమ బీమా సంస్థ కూడా చేరితే, అనుమతి నిరాకరించినది ఎవరో తెలుసుకోవడం ఇంకొంత కష్టమవుతుంది.

5. చిత్తూరు, మదనపల్లె: స్థలదాత పాత్రలో ప్రభుత్వం:

ఆరోగ్యశ్రీలో ప్రభుత్వం డబ్బిచ్చి ప్రైవేటు వైద్యాన్ని కొంటుంది. చిత్తూరులో మిశ్రమం మరో రూపం తీసుకున్నది. ఈ జిల్లాకు కార్పొరేట్ వైద్యంతో ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రిని నెలకొల్పిన ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం చిత్తూరు సమీపంలోని అరగొండ. 2000లో టెలిమెడిసిన్ ప్రయోగానికి ఆ గ్రామమే వేదికైంది. తరువాతి దశాబ్దంలో చిత్తూరు శివార్లలో అదే సంస్థ వైద్యకళాశాల ఏర్పడగా, చిత్తూరు జిల్లా ప్రభుత్వాసుపత్రిని ఆ కళాశాల బోధనావసరాలకు అనుసంధానించారు.

ఈ ఏర్పాటును సమర్థించేవారి వాదన తీసివేయదగినది కాదు. జిల్లా ఆసుపత్రిలో నిపుణుల పోస్టులు ఖాళీగా ఉన్నాయి, కళాశాలకు నిపుణులున్నారు. కళాశాలకు రోగులు కావాలి, ఆసుపత్రికి రోగులున్నారు. ఇద్దరి లోటూ తీరుతున్నప్పుడు అభ్యంతరమెందుకు? అభ్యంతరం మార్పిడి మీద కాదు, మార్పిడికి వచ్చిన వస్తువుల విలువ కట్టిన తీరు మీద. వైద్యకళాశాలకు అతి ఖరీదైన వనరు భవనం కాదు, రోగి. వందల పడకల నిండా రకరకాల వ్యాధులతో వచ్చే రోగులు లేనిదే వైద్యవిద్య లేదు, గుర్తింపూ లేదు. ఆ రోగులు దశాబ్దాలుగా ప్రభుత్వాసుపత్రి మీద పెట్టుకున్న నమ్మకం ఒక ప్రజా ఆస్తి. ప్రైవేటు కళాశాల సీటు ధరలో ఆ ఆస్తికి వాటా ఉన్నది. ఆ వాటా తిరిగి జిల్లా ఆసుపత్రికి ఏ రూపంలో వస్తున్నదో రోగికి అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, ఆసుపత్రి గోడ మీద కనిపించినప్పుడే ఆ మార్పిడి న్యాయమైనదా కాదా అని తేల్చగలం.

ఇప్పుడు ఇదే ప్రశ్న పెద్దయెత్తున ముందుకు వచ్చింది. గత ప్రభుత్వం తలపెట్టిన 17 కొత్త ప్రభుత్వ వైద్యకళాశాలల్లో 5 మాత్రమే 2023లో తరగతులు ప్రారంభించాయి. మిగిలినవాటిలో 10 కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో చేపట్టాలని ప్రస్తుత ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. తొలి విడతలో ఆదోని, మార్కాపురం, పులివెందులతో పాటు పూర్వపు చిత్తూరు జిల్లాకు చెందిన మదనపల్లె ఉన్నది. ప్రతిపక్షం దీనిని ప్రైవేటీకరణ అంటున్నది. ప్రభుత్వం యాజమాన్యం తనదేనంటున్నది. యాజమాన్యం ఎవరిదన్న వాదన రాజకీయంగా సులువైనది. రోగికి దాని వల్ల తెలిసేది తక్కువ. భవనం పట్టా ప్రభుత్వం పేర ఉండి, అత్యవసర విభాగంలో రోగిని నిలిపివేసే అధికారం మరొకరిదైతే ఆ పట్టా కాగితమే. ఆరోగ్యవరం వెలసిన ఊరికే ఈ ప్రశ్న తిరిగి రావడం చరిత్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. అక్కడ మిషనరీ సంస్థ ప్రభుత్వ పనిని తన భుజాన వేసుకున్నది. ఇక్కడ ప్రభుత్వం తన పనిని ఇతరుల భుజానికి మార్చుతున్నది. రెండింటినీ ‘భాగస్వామ్యం’ అన్న ఒక్క మాట కింద చేర్చలేము.

6. రుయా: కడపటి వాకిలి:

మిశ్రమవ్యవస్థలో ప్రభుత్వాసుపత్రి స్థానాన్ని అర్థం చేసుకోవడానికి రుయా ఆసుపత్రికి సంబంధించిన రెండు దుర్ఘటనలు చాలు. 2021 మే 10 రాత్రి, కోవిడ్ రెండో ఉధృతిలో, తమిళనాడు నుంచి రావలసిన ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై ఒత్తిడి పడిపోవడంతో ప్రభుత్వ లెక్క ప్రకారం 11 మంది రోగులు మరణించారు. 2022 ఏప్రిల్‌లో అదే ఆసుపత్రిలో కన్నుమూసిన ఒక బాలుని దేహాన్ని తండ్రి సుమారు 90 కిలోమీటర్లు మోటార్‌సైకిల్ మీద తీసుకువెళ్లవలసివచ్చింది. అక్కడి ప్రైవేటు అంబులెన్సు నిర్వాహకులు అడిగిన సొమ్ము ఇచ్చుకోలేకపోవడం, బయటి వాహనాన్ని వారు రానివ్వకపోవడం అందుకు కారణాలుగా వెలుగులోకి వచ్చాయి.

ఈ రెండింటినీ ప్రభుత్వాసుపత్రి వైఫల్యానికి ఉదాహరణలుగా చూపి, కనుక ప్రైవేటే మేలని వాదించేవారున్నారు. జాగ్రత్తగా చూస్తే రెండు చోట్లా తెగినది ప్రభుత్వాన్నీ, ప్రైవేటునూ కలిపే అతుకు. ఆక్సిజన్ బయటి సరఫరాదారు మీద ఆధారపడింది. శవవాహనం ఆవరణలో పాతుకుపోయిన ప్రైవేటు గుత్త మీద ఆధారపడింది. అధికారికంగా ప్రకటించిన భాగస్వామ్యాలకు ఒప్పందపత్రమైనా ఉంటుంది. గేటు దగ్గరి అంబులెన్సు, ఎదుటి మందుల దుకాణం, ప్రయోగశాల, ఆయా చేతిలో పెట్టవలసిన వంద రూపాయలు - ఈ అప్రకటిత ప్రైవేటు వ్యవస్థకు పత్రమూ లేదు, ధరల పట్టికా లేదు. ఉచిత వైద్యానికి వచ్చిన రోగి జేబు ఖాళీ అయ్యేది ఎక్కువగా ఇక్కడే. మన విధాన చర్చలు మాత్రం దీనిని మిశ్రమంగా గుర్తించనే లేదు.

ఇదే సమయంలో రుయా చేస్తున్న పని ఏమిటో చూడాలి. ప్యాకేజీ అయిపోయిన రోగి, జాబితాలో లేని రోగి, కార్డు లేని రోగి, ప్రైవేటు ఆసుపత్రి చివరి గంటలో పంపించివేసిన రోగి - వీరందరికీ అది కడపటి వాకిలి. కాదనే స్వేచ్ఛ ఇతరులందరికీ ఉన్నది, దీనికి లేదు. కాదనలేనివారి దగ్గరికి కష్టమైన రోగాలు చేరతాయి. కాదనగలవారి దగ్గరికి ధర ఉన్న రోగాలు చేరతాయి. డబ్బు రోగితో పాటు ప్యాకేజీ రూపంలో తరలిపోతున్నప్పుడు కడపటి వాకిలి దగ్గర పని మిగులుతుంది, నిధి మిగలదు. ఆపై ప్రభుత్వాసుపత్రి మరణాల సంఖ్యను ప్రైవేటు ఆసుపత్రితో పోల్చడం అన్యాయమైన తూకం.

7. ఇతర దేశాల అనుభవం:

కెనడాలో 1984 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రజాబీమా కింద వచ్చే వైద్యానికి రోగి నుంచి అదనపు రుసుము వసూలును అనుమతించే రాష్ట్రానికి కేంద్ర నిధుల్లో కోత పడుతుంది. 2005లో షావూలీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు క్యూబెక్‌లోని ప్రైవేటు బీమా నిషేధాన్ని కొట్టివేసింది. అక్కడి వివాదం, డబ్బున్నవాడు వరుసను దాటి ముందుకు పోవచ్చునా అన్నది. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్యసేవ ఏర్పడినప్పుడే నిపుణులకు ప్రైవేటు ప్రాక్టీసును, ప్రభుత్వాసుపత్రుల్లో చెల్లింపు పడకలను అనుమతించారు. ఈ రెండు దేశాల్లోనూ బలమైన ప్రజావైద్యం ముందు ఉన్నది. దానిలోకి ప్రైవేటుకు ఎంత చోటివ్వాలన్నది తరువాతి తగవు. మన దగ్గర 1946 నాటి భోర్ కమిటీ ఊహించిన ప్రజావైద్యం పూర్తికాకముందే ప్రైవేటు రంగం పెరిగింది. అక్కడి సమర్థనలనూ, ఖండనలనూ యథాతథంగా ఇక్కడ వల్లించడం వల్ల చర్చ తప్పుదారి పడుతుంది.

మనకు దగ్గరి పోలిక థాయ్‌లాండ్. 2002లో సార్వత్రిక ఆరోగ్య పథకం తెచ్చినప్పుడు ఆ దేశమూ కొనుగోలుదారు పాత్ర తీసుకున్నది. కాని ముందే బలపరచుకున్న ప్రభుత్వ జిల్లా ఆసుపత్రులను ప్రధాన ఆధారం చేసుకొని, రోగి సంఖ్యను బట్టి ముందుగా నిధులిచ్చి, ప్రాథమిక వైద్యాన్ని పథకంలోనే ఇమిడ్చింది. కొనుగోలు పద్ధతి అంటే ప్రభుత్వాసుపత్రి చిక్కిపోవడమేనన్న నియమం లేదని ఇది చూపుతున్నది. మనదేశంలో 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని సుప్రీంకోర్టు చెప్పింది. రాజస్థాన్ 2023లో ఆరోగ్యహక్కు చట్టం చేసింది. ప్రైవేటు వైద్యుల తీవ్ర నిరసన మధ్యనే అయినా, అత్యవసర చికిత్సను హక్కుగా రాసి, ఆ ఖర్చు తిరిగి చెల్లించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. దాని అమలు ఎలా ఉన్నా, ‘శ్రీ’ నుంచి ‘హక్కు’ వైపు పదం మారడం చిన్న విషయం కాదు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి.

1. దక్షిణ రాయలసీమలో వైద్యం ఎన్నడూ శుద్ధ ప్రభుత్వ వ్యవస్థ కాదు. మిషన్, దేవస్థానం, దాత, ప్రభుత్వం, వ్యాపారం కలిసే దీనిని నిర్మించాయి. మిశ్రమాన్ని ఏకమొత్తంగా ఖండించే విమర్శకూ, ఏకమొత్తంగా కీర్తించే ప్రచారానికీ ఈ చరిత్ర సహకరించదు.

2. మిశ్రమాన్ని తూచవలసిన రాయి డబ్బు మూలం కాదు, భవనం పట్టా కాదు. కాదనే స్వేచ్ఛ, జవాబు చెప్పే బాధ్యత ఎలా పంపిణీ అయ్యాయన్నదే ఆ రాయి. ప్రజాధనం తీసుకొనే ప్రతి సంస్థా రోగిని చేర్చుకోనప్పుడు కారణాన్ని రాతపూర్వకంగా తెలుగులో ఇవ్వాలన్న ఒక్క నియమం, పథకం పరిమితిని పెంచడం కంటే రోగికి ఎక్కువ బలమిస్తుంది.

3. కాదనలేని ఆసుపత్రికి ఆ కాదనలేనితనానికే ప్రత్యేకంగా నిధి ఇవ్వాలి. ప్యాకేజీ లెక్కలో దానిని ఇతర నెట్‌వర్క్ ఆసుపత్రులతో సమానంగా చూడడం సమానత్వం కాదు.

4. చిత్తూరు, మదనపల్లె వంటి ఒప్పందాల షరతులు, అప్రకటిత ప్రైవేటు సేవల ధరలు ఆసుపత్రి ఆవరణలో బహిరంగంగా ఉండాలి. లెక్క కనబడని భాగస్వామ్యం ఎవరికి భాగమిస్తున్నదో చెప్పలేము.

5. పథకాల పేర్లు, ప్రకటనలు, శిలాఫలకాల భాషను సాహిత్య, భాషా పరిశోధకులు విధానపత్రాలతో సమానంగా చదవాలి. వైద్యరంగపు తెలుగు పదజాలం ప్రధానంగా దానపదజాలంగా ఎందుకు ఏర్పడిందన్నది విడిగా పరిశోధించదగిన అంశం.

ధర్మాసుపత్రి అన్న పాత మాటలో రెండర్థాలుండేవి. దాన్ని వదిలించుకొని మనం తెచ్చుకున్న ఆధునిక పేర్లలో ఒక్క అర్థమే మిగిలింది. ధర్మం అంటే కర్తవ్యం అన్న రెండో అర్థాన్ని పథకంలోకీ, చట్టంలోకీ, ఒప్పందంలోకీ తిరిగి తీసుకురాగలిగితే, వైద్యం చేసే చేయి ప్రభుత్వానిదా, దేవస్థానానిదా, ప్రైవేటుదా అన్నది రోగికి నిజంగానే పట్టని విషయమవుతుంది.